ఓటర్లు దించకుండానే ప్రధానులు ఎలా దిగిపోతారు? బ్రిటన్ పార్లమెంటు అసలు లెక్కలు

2016 జులై నుంచి 2022 అక్టోబరు దాకా బ్రిటన్‌లో ప్రధాని పదవి నాలుగుసార్లు చేతులు మారింది. డేవిడ్ కామెరాన్ పోయి థెరిసా మే వచ్చారు. ఆమె తర్వాత బోరిస్ జాన్సన్, ఆయన తర్వాత లిజ్ ట్రస్, చివరికి రిషి సునాక్. మధ్యలో 2017లో, 2019లో సాధారణ ఎన్నికలు జరిగాయి. ఆ రెండింటి తర్వాతా అప్పటికి పదవిలో ఉన్నవారే కొనసాగారు. అంటే ఆ నాలుగు మార్పుల్లో ఒక్కటీ సాధారణ ఎన్నికల్లో ఓడిపోవడం వల్ల జరిగింది కాదు. పోనీ పార్లమెంటులో అవిశ్వాస తీర్మానం నెగ్గిందా అంటే అదీ లేదు.

మన పార్లమెంటరీ పద్ధతి చాలావరకు అక్కడి నమూనా మీద కట్టుకున్నదే. ప్రధాని, మంత్రివర్గం, స్పీకర్, విప్ అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. అందుకే అక్కడి వార్తలు చదువుతుంటే అంతా తెలిసిందే అనిపిస్తుంది. తీరా సంక్షోభం వచ్చేసరికి లెక్క తప్పుతుంది. సొంత పార్టీ ఎంపీలు బాహాటంగా ప్రధానికి వ్యతిరేకంగా ఓటేసినా వాళ్ల సీట్లు పోవు. సుప్రీంకోర్టు తప్పన్నదాన్ని పార్లమెంటు కొద్ది నెలల్లోనే చట్టం చేసి దాటేస్తుంది. 14 శాతం ఓట్లు వచ్చిన పార్టీకి అయిదే సీట్లు దక్కుతాయి. వీటన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒకటే: మన లోక్‌సభ లాంటి కామన్స్ సభలో మెజారిటీ కూడగట్టగలిగినవారిదే అధికారం, అదీ కూడగట్టగలిగినంత కాలమే. రాజు, ఎగువ సభ అయిన లార్డ్స్, కోర్టులు, స్కాట్లాండ్, వేల్స్ శాసనసభలు చివరికి ఆ మెజారిటీకి దారి ఇవ్వాల్సిందే. ఆ మెజారిటీకి అసలు ముప్పు మాత్రం ఎదుటి వరుసల నుంచి కాక, ప్రధాని వెనక కూర్చున్న సొంత ఎంపీల నుంచే వస్తుంది.

రాజ్యాంగం ఎక్కడుంది?

బ్రిటన్‌కు ఒకే పుస్తకంగా కూర్చిన రాజ్యాంగం లేదు. అలాగని నియమాలు లేవనుకోకూడదు. 1689 నాటి హక్కుల బిల్లు, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, 1998 నాటి మానవ హక్కుల చట్టం, స్కాట్లాండ్ చట్టం అన్నీ రాతలో ఉన్నవే. కాకపోతే అవన్నీ మామూలు చట్టాలు. మన రాజ్యాంగ సవరణకు కావలసిన మూడింట రెండొంతుల మెజారిటీ, సగం రాష్ట్రాల ఆమోదం లాంటి అడ్డంకులు అక్కడ లేవు. ఒక్క ఓటు ఎక్కువుంటే చాలు, ఏ చట్టాన్నయినా మార్చేయవచ్చు.

చట్టాల పక్కనే సంప్రదాయాలుంటాయి. పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు రాజు సమ్మతి తెలపాలని ఏ చట్టమూ ఆదేశించదు. కానీ 1708లో యాన్ రాణి స్కాట్లాండ్ మిలీషియా బిల్లును ఆపిన తర్వాత మరెవరూ ఆ సాహసం చేయలేదు. ప్రధాని కామన్స్ సభ్యుడే అయి ఉండాలన్న చట్టమూ లేదు. 1963లో అలెక్ డగ్లస్-హోమ్ లార్డ్స్ సభలో ఉండగా ప్రధాని అయ్యారు. తర్వాత ప్రభువు హోదా వదులుకుని, ఉప ఎన్నికలో గెలిచేదాకా కొద్ది రోజులు ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే ప్రభుత్వాన్ని నడిపారు. సంప్రదాయం కోర్టులో నిలవదు. దాన్ని తప్పితే రాజకీయంగా మూల్యం చెల్లించాలన్న భయమే దానికి బలం.

వీటికి తోడు రాజు పేరు మీద మిగిలిన పాత అధికారాలున్నాయి. ఒప్పందాలు చేసుకోవడం, సైన్యాన్ని పంపడం, సభను ప్రొరోగ్ చేయడం (అంటే సమావేశ కాలాన్ని ముగించడం), రద్దు చేయడం ఇందులోకే వస్తాయి. పేరు రాజుది, నిర్ణయం ప్రధానిది. బ్రిటన్ ప్రధాని ఇంత బలవంతుడిగా కనిపించడానికి ఈ వారసత్వమే ప్రధాన కారణం.

విశ్వాసం అంటే లెక్క

కామన్స్ సభలో 650 సీట్లు. సగం మీద ఒకటి అంటే 326. కానీ నిజంగా కావలసింది అంతకంటే తక్కువ. స్పీకర్, ముగ్గురు డిప్యూటీ స్పీకర్లు ఓటు వేయరు. ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన షిన్ ఫేన్ ఎంపీలు బ్రిటిష్ రాజుకు విధేయత ప్రమాణం చేయడానికి ఒప్పుకోరు కాబట్టి సభలో అడుగే పెట్టరు. 2024లో వాళ్లు ఏడుగురు గెలిచారు. ఈ పదకొండు మందిని తీసేస్తే మిగిలేది 639, మెజారిటీ మార్కు 320. బొటాబొటి సభల్లో ఈ ఆరు సీట్ల తేడాయే ప్రభుత్వాన్ని నిలబెడుతుంది.

ఆ లెక్క ఎంత కర్కశంగా ఉంటుందో 1979 మార్చి 28 రాత్రి తేలింది. జేమ్స్ కలహన్ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వానికి అప్పటికే సొంత మెజారిటీ లేదు. స్కాట్లాండ్ స్వయంపాలన మీద మార్చి 1న జరిగిన రెఫరెండం గట్టెక్కకపోవడంతో స్కాటిష్ నేషనల్ పార్టీ మద్దతు కూడా పోయింది. ప్రతిపక్ష నేత మార్గరెట్ థాచర్ అవిశ్వాస తీర్మానం పెట్టారు. లేబర్ ఎంపీ ఆల్‌ఫ్రెడ్ బ్రాటన్ మరణశయ్య మీద ఉన్నారు. కామన్స్‌లో ఒక పద్ధతి ఉంది: జబ్బు పడిన సభ్యుణ్ని అంబులెన్సులో పార్లమెంటు ఆవరణ దాకా తీసుకొస్తే చాలు, లోపలికి రాకపోయినా ఇరుపక్షాల విప్‌లు చూసి ఓటు లెక్కలో కలుపుతారు. ప్రయాణంలోనే ప్రాణం పోవచ్చన్న భయంతో బ్రాటన్‌ను తీసుకురావద్దని నిర్ణయించారు. ఇలాంటప్పుడు ఎదుటి పక్షం నుంచి ఒకరు ఓటు వేయకుండా ఉండి లెక్క సరిచేసే 'పెయిరింగ్' అనే పెద్దమనుషుల ఒప్పందం ఉంటుంది గానీ, అవిశ్వాస తీర్మానానికి అది వర్తించదు. అయినా కన్సర్వేటివ్ డిప్యూటీ విప్ బెర్నార్డ్ వెదరిల్ తానే ఓటు మానుకుంటానన్నారు. అది ఆయన రాజకీయ జీవితాన్నే ముగించేస్తుందని తెలిసిన లేబర్ డిప్యూటీ విప్ వాల్టర్ హారిసన్ వద్దన్నారు. ఫలితం 311కు 310. ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. బ్రాటన్ కొద్ది రోజులకే చనిపోయారు. మే 3న జరిగిన ఎన్నికల్లో థాచర్ గెలిచారు. వెదరిల్ తర్వాతి కాలంలో స్పీకర్ అయ్యారు.

మన లోక్‌సభలోనూ 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో ఇలాగే పడిపోయింది. ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. ఒక్క ఓటు విలువేమిటో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

అయితే 1979 తర్వాత బ్రిటన్‌లో ఏ ప్రభుత్వమూ అవిశ్వాస తీర్మానంలో ఓడలేదు. కారణం చూడండి. 2019 జనవరి 15న థెరిసా మే తెచ్చిన బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగడం) ఒప్పందాన్ని సభ 432-202తో తిరస్కరించింది. ఆధునిక కాలంలో ఏ ప్రభుత్వానికీ అంత ఘోర పరాభవం ఎదురవలేదు. మర్నాడే ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. ప్రభుత్వం 325-306తో నెగ్గింది. ముందురోజు ప్రధానిని ఓడించిన సొంత ఎంపీలే మర్నాడు ఆమెను కాపాడారు. ఎందుకంటే అవిశ్వాసం నెగ్గితే ఎన్నికలు రావచ్చు, తమ సీట్లకే ఎసరు రావచ్చు, అధికారం ఎదుటి పార్టీకి పోవచ్చు. ప్రధాని నచ్చకపోతే ఆ పని పార్టీలోనే తేల్చుకుంటారు.

ఎవరికీ మెజారిటీ రానప్పుడు ముందు అవకాశం ఎవరిదన్న దాంట్లో మనవాళ్లు తరచూ పొరబడతారు. అతిపెద్ద పార్టీని పిలవడమన్నది అక్కడి ఆనవాయితీ కాదు. కొత్త సభ విశ్వాసం ఎవరికుందో తేలేదాకా పాత ప్రధానే పదవిలో ఉంటారు, ప్రయత్నించే హక్కు కూడా వారికుంటుంది. 1974 ఫిబ్రవరి 28 ఎన్నికల్లో ఎడ్వర్డ్ హీత్ పార్టీ సీట్లలో రెండో స్థానానికి పడిపోయినా, ఆయన మార్చి 4 దాకా లిబరల్స్‌తో బేరసారాలు నడిపి, కుదరకే దిగిపోయారు. 2010 మే 6న ఓడిన గోర్డన్ బ్రౌన్ మే 11 దాకా ఉన్నారు. 2017లో మెజారిటీ కోల్పోయిన థెరిసా మే, ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన డెమోక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ ఎంపీలు పది మందితో 'విశ్వాసం, పద్దులు' ఒప్పందం చేసుకున్నారు. అంటే ఆ పార్టీ ప్రభుత్వంలో చేరదు. అవిశ్వాస తీర్మానం మీదా, బడ్జెట్ మీదా మాత్రం అండగా ఓటేస్తుంది, మిగతా విషయాల్లో దాని ఇష్టం. బదులుగా ఉత్తర ఐర్లాండ్‌కు వంద కోట్ల పౌండ్ల అదనపు నిధులు దక్కాయి.

అసలు కత్తి పార్టీ గదిలో

ప్రధానిని దించే నిబంధనలు పార్లమెంటు చట్టాల్లో కాక పార్టీల నిబంధనావళిలో ఉన్నాయి. ఇది తెలియకపోతే 2022 అసలు అర్థం కాదు.

2022లో అధికారంలో ఉన్న కన్సర్వేటివ్ పార్టీలో అప్పటి పద్ధతి ఇది. పార్టీ ఎంపీల్లో 15 శాతం మంది, తమకు నాయకుడి మీద విశ్వాసం లేదని '1922 కమిటీ' అధ్యక్షుడికి విడివిడిగా లేఖలు ఇవ్వాలి. మంత్రులు కాని ఎంపీల సంఘం అది. ఎన్ని లేఖలు వచ్చాయో అధ్యక్షుడొక్కడికే తెలుసు. సంఖ్య చేరగానే రహస్య ఓటింగ్ జరుగుతుంది. నెగ్గిన నాయకుడి మీద ఏడాది పాటు మళ్లీ అలాంటి ఓటు పెట్టకూడదు. 2022లో ఆ 15 శాతం అంటే 54 లేఖలు.

కాగితం మీద ఇది నాయకుడికి రక్షణ. ఆచరణలో కాదు. 2018 డిసెంబరులో థెరిసా మే 200-117తో నెగ్గారు, ఏడు నెలల్లో పదవి పోయింది. 2022 జూన్ 6న జాన్సన్ 211-148తో నెగ్గారు, నెల తిరిగేసరికి రాజీనామా ప్రకటించారు. 1990లో థాచర్‌కు పోటీదారు కంటే ఎక్కువ ఓట్లే వచ్చాయి (204-152). అప్పటి నియమం అడిగిన ఆధిక్యానికి నాలుగు ఓట్లు తగ్గాయంతే, ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. సొంత పార్టీలో మూడో వంతుకు పైగా ఎంపీలు వద్దన్నాక గెలుపన్నది లెక్కకే మిగులుతుంది.

జాన్సన్‌ను చివరికి దించింది ఓటింగ్ కూడా కాదు. జులై 5న ఆర్థిక మంత్రి రిషి సునాక్, ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్ రాజీనామా చేశారు. రెండు రోజుల్లో మంత్రులు, సహాయకులు కలిసి యాభై మందికి పైగా వెళ్లిపోయారు. ప్రభుత్వం నడవాలంటే దాదాపు వంద మంది మంత్రులు కావాలి. ఖాళీలు నింపుదామంటే పదవి ఇస్తామన్నా వద్దనే స్థితి వచ్చాక ప్రధాని చేతిలో ఇక మిగిలేదేమీ లేదు. జులై 7న ఆయన తప్పుకుంటున్నట్టు ప్రకటించారు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యమైన పాఠం. నాయకుడి ఎన్నికలో ఎంపీలు వడపోసి ఇద్దరిని మిగిలిస్తారు, ఆ ఇద్దరిలో ఒకరిని పార్టీ సభ్యులు ఎన్నుకుంటారు. ఎంపీల చివరి రౌండులో సునాక్‌కు 137, ట్రస్‌కు 113, పెన్నీ మోర్డాంట్‌కు 105. అంటే మూడింట రెండొంతుల మంది ఎంపీలు ట్రస్‌ను కోరుకోలేదు. సభ్యుల ఓటింగులో ఆమె 81,326-60,399తో గెలిచారు. సెప్టెంబరు 6న ప్రధాని అయ్యారు. సెప్టెంబరు 23న స్వతంత్ర బడ్జెట్ బాధ్యతా సంస్థ అంచనాలేవీ లేకుండానే భారీ పన్ను కోతలు ప్రకటించగానే పౌండు పడిపోయింది, ప్రభుత్వ బాండ్ల వడ్డీ ఎగిరింది. పెన్షన్ ఫండ్లు కుదేలు కాకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది.

అక్టోబరు 19న ప్రతిపక్షం షేల్ గ్యాస్ తవ్వకాల మీద ఒక తీర్మానం పెట్టింది. ఇది ప్రభుత్వం మీద విశ్వాస పరీక్షే, వ్యతిరేకిస్తే పార్టీ నుంచి గెంటేస్తామని పొద్దున విప్‌లు చెప్పారు. సాయంత్రం చర్చ ముగిస్తూ మంత్రి లేచి ఇది విశ్వాస పరీక్ష కాదన్నారు. ఓటింగ్ లాబీల దగ్గర గందరగోళం చెలరేగింది. చీఫ్ విప్ పదవిలో ఉన్నారో లేదో కూడా కొన్ని గంటల పాటు తేలలేదు. ఓటింగులో ప్రభుత్వమే నెగ్గింది. మర్నాడు ట్రస్ రాజీనామా ప్రకటించారు. ఎంపీల మద్దతు లేని నాయకుడిని సభ్యులు రుద్దితే ఏమవుతుందో అర్థమైన పార్టీ, తర్వాతి పోటీకి కనీసం వంద మంది ఎంపీల మద్దతు ఉండాలని షరతు పెట్టింది. చివరికి ఆ గీత దాటింది సునాక్ ఒక్కరే. సభ్యుల ఓటింగే లేకుండా ఆయన అక్టోబరు 25న ప్రధాని అయ్యారు.

లేబర్ పార్టీలో కథ వేరు. అక్కడ పదవిలో ఉన్న నాయకుడితో పోటీ పడాలంటే 20 శాతం ఎంపీలు బహిరంగంగా పేరు ప్రతిపాదించాలి. నాయకుడి పేరు బ్యాలెట్ మీద దానంతట అదే ఉంటుంది. 2016లో ప్రతిపక్ష నేత జెరెమీ కార్బిన్ మీద సొంత ఎంపీలు 172-40తో అవిశ్వాసం ప్రకటించినా ఆయన కదల్లేదు. సభ్యులు ఆయన్నే మళ్లీ గెలిపించారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అది చెల్లింది. ప్రధానిగా ఉండి ఎంపీల మద్దతు లేకపోతే సభలో ఒక్క బిల్లూ కదలదు.

విప్ ధిక్కరిస్తే ఏమవుతుంది?

మనకు 1985 నుంచి పదో షెడ్యూలు ఉంది. విప్‌కు వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వమే పోతుంది. బ్రిటన్‌లో పార్టీ ఫిరాయింపుల చట్టం లేదు. ఎంపీ పార్టీ మారినా, ధిక్కరించినా సీటు ఆయనదే. విప్‌లు వారం వారం ఎంపీలకు పంపే కార్యక్రమ పత్రంలో అంశాల కింద గీతలు గీసి ఉంటాయి. మూడు గీతలుంటే తప్పనిసరిగా రావాలి, చెప్పినట్టు ఓటేయాలి. తప్పితే పార్టీ ఆ ఎంపీని తన పార్లమెంటరీ పక్షం నుంచి బయట పెట్టగలదు. ఆయన స్వతంత్రుడిగా సభలో కొనసాగుతారు. అసలు దెబ్బ వచ్చే ఎన్నికల్లో పడుతుంది, టికెట్ రాదు.

2019 సెప్టెంబరు 3న బ్రెగ్జిట్ మీద సభా కార్యక్రమాన్ని ప్రభుత్వం చేతి నుంచి లాక్కునే తీర్మానం 328-301తో నెగ్గింది. అనుకూలంగా ఓటేసిన 21 మంది కన్సర్వేటివ్ ఎంపీలను ఆ రాత్రే బహిష్కరించారు. వారిలో మాజీ ఆర్థిక మంత్రులు కెనెత్ క్లార్క్, ఫిలిప్ హామండ్, చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ ఉన్నారు. 2024 జులైలో, గెలిచిన మూడు వారాలకే, ఇద్దరు పిల్లల వరకే సంక్షేమ భృతి అన్న పరిమితిని ఎత్తేయాలంటూ ఓటేసిన ఏడుగురిని లేబర్ సస్పెండ్ చేసింది.

శిక్ష కంటే గట్టిగా పనిచేసేది పదవి. చట్టం ప్రకారం కామన్స్‌లో గరిష్ఠంగా 95 మంది మంత్రులుండవచ్చు. వీళ్లకు తోడు జీతం లేని పార్లమెంటరీ సహాయకులు పదుల సంఖ్యలో ఉంటారు. వీళ్లందరినీ మంత్రివర్గ సమష్టి బాధ్యత కట్టిపడేస్తుంది: వ్యతిరేకంగా ఓటేయాలంటే ముందు రాజీనామా చేయాలి. అంటే ఏ ఓటింగుకైనా వందకు పైగా ఓట్లు ప్రభుత్వం జేబులో ముందే ఉంటాయి. నా దృష్టిలో బ్రిటన్ పార్లమెంటు బలహీనత ఇక్కడే ఉంది. ప్రభుత్వాన్ని అదుపులో పెట్టాల్సిన సభలో ఆరో వంతు ప్రభుత్వమే.

సభా సమయం ఎవరి చేతిలో?

ఒక బిల్లు మొదటి పఠనంలో పేరు చదవడంతో సరి. రెండో పఠనంలో విధానం మీద చర్చ, ఓటు. సాధారణంగా ఈ రెంటి మధ్య కనీసం రెండు వారాంతాలు గడవాలన్నది ఆనవాయితీ. తర్వాత చిన్న కమిటీలో క్లాజుల వారీ పరిశీలన, మళ్లీ సభ ముందు సవరణలు, మూడో పఠనం. ఆపై లార్డ్స్‌లో ఇదే తంతు. ఓటింగ్ అంటే సభ్యులు లేచి 'అవును', 'కాదు' లాబీల గుండా నడవాలి. గంట మోగాక ఎనిమిది నిమిషాలకు తలుపులు వేసేస్తారు. బయట భోజనంలో ఉన్నా, ఆఫీసులో ఉన్నా ఆ ఎనిమిది నిమిషాల్లో చేరాల్సిందే.

ఏ బిల్లుకు ఎప్పుడు సమయం ఇవ్వాలో నిర్ణయించేది మాత్రం ప్రభుత్వమే. స్థాయీ నిబంధన 14 ప్రభుత్వ కార్యక్రమాలకే మొదటి స్థానం ఇస్తుంది. ఒక సమావేశ కాలంలో ప్రతిపక్షానికి 20 రోజులు, ప్రైవేటు సభ్యుల బిల్లులకు 13 శుక్రవారాలు. ఆ శుక్రవారాల కోసం లాటరీ తీసి 20 మందిని ఎంపిక చేస్తారు. మొదటి ఏడుగురికి తప్ప మిగతావారికి దాదాపు ఆశ ఉండదు. సభ మధ్యాహ్నం 2:30కు ముగుస్తుంది. బిల్లు నచ్చనివారు అప్పటిదాకా మాట్లాడుతూ కూర్చుంటే చాలు, ఓటింగ్ లేకుండానే బిల్లు మూలపడుతుంది. ఆ ప్రసంగాన్ని ఆపి ఓటింగ్ జరపాలంటే కనీసం వంద మంది అనుకూలంగా ఓటేయాలి. శుక్రవారం నాడు వంద మంది ఎంపీలను లండన్‌లో కూర్చోబెట్టడం చిన్న పని కాదు, ఆ రోజు అందరూ నియోజకవర్గాల్లో ఉంటారు. మంచి బిల్లులు ఎన్నో ఇక్కడే ఆగిపోతాయి. అయినా 1967 నాటి గర్భస్రావ చట్టం డేవిడ్ స్టీల్ తెచ్చిన ప్రైవేటు బిల్లే. కాకపోతే అప్పటి ప్రభుత్వం అదనపు సమయం ఇచ్చింది కాబట్టి గట్టెక్కింది.

లార్డ్స్ సభ ఆపగలిగేది ఎంత?

1909లో ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ బడ్జెట్‌ను లార్డ్స్ తిరస్కరించడంతో గొడవ ముదిరి, 1910లో రెండు ఎన్నికలు జరిగి, 1911 పార్లమెంటు చట్టం వచ్చింది. స్పీకర్ ధ్రువీకరించిన ద్రవ్య బిల్లును లార్డ్స్ ఒక నెలకు మించి ఆపలేదు. మన రాజ్యసభకు ఆ గడువు 14 రోజులు. మిగతా బిల్లులను 1949 సవరణ తర్వాత దాదాపు ఏడాది ఆలస్యం చేయగలదు, అంతే. 2004 నాటి వేట నిషేధ చట్టం లార్డ్స్ సమ్మతి లేకుండా అలాగే వచ్చింది. పార్లమెంటు కాలపరిమితిని అయిదేళ్లకు మించి పొడిగించే బిల్లుకు మాత్రం లార్డ్స్ అంగీకారం తప్పనిసరి. ఎన్నికలు వాయిదా వేసుకుంటూ పోయే ప్రభుత్వానికి ఉన్న గట్టి అడ్డుకట్ట ఇదొక్కటే. మేనిఫెస్టోలో చెప్పిన బిల్లును రెండో పఠనంలో ఓడించకూడదన్న సంప్రదాయం 1945 నుంచి ఉంది. కాబట్టి లార్డ్స్ బలమంతా సవరణల్లోనూ, ఆలస్యంలోనూ ఉంది. ఎన్నికలు దగ్గరపడ్డప్పుడు ఏడాది ఆలస్యమంటే చిన్నది కాదు.

2019: సంప్రదాయం తెగిన చోట

ప్రధానికి నచ్చినప్పుడు ఎన్నికలు పెట్టే అధికారాన్ని 2011 నాటి స్థిరకాల పార్లమెంటు చట్టం తీసేసింది. ముందస్తు ఎన్నికలకు 650లో మూడింట రెండొంతులు, అంటే 434 ఓట్లు కావాలంది. 2017లో థెరిసా మే అడిగితే 522-13తో వచ్చాయి. 2019లో జాన్సన్ మూడుసార్లు అడిగితే రాలేదు. అప్పుడు ఏం చేశారు? ఆ చట్టాన్ని పక్కన పెట్టి, ఒక్క ఎన్నికకు మాత్రమే వర్తించే కొత్త బిల్లు తెచ్చారు. దానికి మామూలు మెజారిటీ చాలు. కామన్స్ దాన్ని అక్టోబరు 29న ఒక్క రోజులో 438-20తో ఆమోదించింది, డిసెంబరు 12న ఎన్నికలు జరిగాయి. ఏ పార్లమెంటూ తర్వాతి పార్లమెంటును కట్టిపడేయలేదన్న సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. 2011 చట్టాన్ని 2022లో రద్దు చేశారు. రద్దు అధికారం మళ్లీ ప్రధాని చేతికి వచ్చింది. సభ రద్దయ్యాక 25 పనిదినాలకు పోలింగ్. సునాక్ 2024 మే 22న ప్రకటించారు, మే 30న సభ రద్దయింది, జులై 4న ఓటింగ్ జరిగింది.

అదే 2019లో జాన్సన్ పార్లమెంటును సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు 14 దాకా ప్రొరోగ్ చేయించారు. సాధారణంగా ప్రొరోగేషన్ కొద్ది రోజులే ఉంటుంది. బ్రెగ్జిట్ గడువు ముంచుకొస్తున్న వేళ అయిదు వారాలు సభను మూసేయడం మీద సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులు సెప్టెంబరు 24న ఏకగ్రీవంగా తీర్పిచ్చారు: సహేతుక కారణం లేకుండా పార్లమెంటు పనిని అడ్డుకోవడం చట్టవిరుద్ధం, ప్రొరోగేషన్ జరగనట్టే లెక్క. మర్నాడే సభ కూర్చుంది.

ఇక్కడ కోర్టు అడ్డుకున్నది ప్రభుత్వాన్నే, పార్లమెంటును కాదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి. మన సుప్రీంకోర్టులా చట్టాన్ని కొట్టేసే అధికారం అక్కడి కోర్టుకు లేదు. మానవ హక్కులకు విరుద్ధంగా ఉందని ప్రకటించగలదు, చట్టం మాత్రం అమల్లోనే ఉంటుంది. 2023 నవంబరులో శరణార్థులను రువాండాకు పంపడం చట్టవిరుద్ధమని, అది సురక్షిత దేశం కాదని కోర్టు చెప్పింది. 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు రువాండా సురక్షిత దేశమని చట్టమే చేసింది. వాస్తవాన్ని చట్టంతో మార్చబోవడం నాకు ఆందోళన కలిగించే విషయమే అయినా, ఆ వ్యవస్థలో అది చెల్లుతుంది. ఆ పథకాన్ని ఆపింది కోర్టు కాదు, జులైలో మారిన ప్రభుత్వం.

స్కాట్లాండ్, వేల్స్ శాసనసభలకూ ఇదే వర్తిస్తుంది. వాటి పరిధిలోని అంశాల మీద వాటి సమ్మతి లేకుండా వెస్ట్‌మినిస్టర్ (లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటు) సాధారణంగా చట్టం చేయదు. ఈ మాట చట్టంలోకి ఎక్కినా అది సంప్రదాయమే గానీ కోర్టులో అమలు చేయించదగింది కాదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఓట్ల శాతం, సీట్ల సంఖ్య, మనవాళ్ల ఓటు

ఈ మెజారిటీలు పుట్టే చోట ఓట్లకూ సీట్లకూ పొంతన తక్కువ. మన దగ్గరలాగే నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవారే విజేత. 2024లో లేబర్‌కు 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు వచ్చాయి. రిఫార్మ్ యూకేకు 14.3 శాతం ఓట్లు, అయిదు సీట్లు. అంతకంటే తక్కువగా 12.2 శాతం తెచ్చుకున్న లిబరల్ డెమోక్రాట్లకు 72. ఓట్లు దేశమంతా పలచగా పరుచుకుంటే సీట్లు రావు, కొన్ని చోట్ల చిక్కగా ఉంటే వస్తాయి. పలు పార్టీల మధ్య ఓట్లు చీలిన చోట కొద్ది వందల ఓట్లే ఫలితాన్ని తేల్చేస్తాయి.

అందుకే అక్కడ ఉంటున్న తెలుగువాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. చెల్లుబాటయ్యే వీసాతో బ్రిటన్‌లో నివసిస్తున్న భారత పౌరులకు, కామన్వెల్త్ పౌరులుగా, అక్కడి సాధారణ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. చదువుకోవడానికి వెళ్లినవారికీ, ఉద్యోగ వీసా మీద ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. ఓటరు జాబితాలో పేరు దానంతట అది చేరుతుందనుకుంటే పొరపాటు, మీరే నమోదు చేసుకోవాలి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఉంటే ఆన్‌లైన్‌లో నిమిషాల్లో అయిపోతుంది. పోలింగుకు 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది. ఇల్లు మారితే మళ్లీ నమోదు చేసుకోవాలి, చాలామంది ఓటు పోగొట్టుకునేది ఇక్కడే. 2024 సాధారణ ఎన్నికల్లో పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు తప్పనిసరి చేశారు. భారత పాస్‌పోర్టు చెల్లింది. భారత డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్ ఆ జాబితాలో లేవు. పోస్టల్ ఓటు కావాలంటే పోలింగుకు 11 పనిదినాల ముందు సాయంత్రం 5 గంటల లోపు దరఖాస్తు చేయాలి.